సంతకం లేని జాబితా

మా సోషల్ సార్ పోయారని ఫోన్ వస్తే, "ఎవ్వలు చెప్పిన్రు?" అని అడిగాను. చెబుతున్నది ఆయన కొడుకే. తర్వాత సిగ్గేసింది. కానీ ఏ మాట విన్నా ముందు అది అడగమని నేర్పింది ఆయనే.

సిద్దిపేటలో మా తొమ్మిదో తరగతికి జర్మనీ పాఠం చెప్పారు. అన్ని లక్షల మంది యూదులను చంపిందెవరంటే అందరం హిట్లర్ అన్నాం. సార్ ఒప్పుకోలేదు. "ఒక్కడే సంపిండా? పేర్లు రాసిందెవ్వలు? రైలుకు జెండా ఊపిందెవ్వలు? వాళ్లంత ఇంటికి వోయి బువ్వ తిని పండుకున్నరు గదా!" అన్నారు. సంతకం లేని కాగితం ఆయన దగ్గర చెల్లదు. కిటికీ అద్దం పగిలినా, చూసినవాడు చూసింది రాసి కింద సంతకం పెట్టాల్సిందే. మాకు మహా చిరాకు.

రిటైరయ్యాక రోజూ నా జిరాక్స్ షాపుకొచ్చి పేపర్ చదివేవారు. టీలో చక్కెర వేయలేదని నేను చెబితే నమ్మక, హోటలాయన్ని అడిగి వచ్చేవారు.

రెండేళ్ల కింద ఒకాయన చేతిరాత జాబితా తెచ్చి టైపు చేయమన్నాడు. ఒక గల్లీలో ఒకే మతం వాళ్ల ఇళ్లు, పేర్లు, ఎవరి దుకాణం ఎక్కడ. చేసిచ్చాను. మర్నాడు మళ్లీ కాపీలు కావాలన్నాడు. సార్ ఆ కాగితం తీసుకుని చూశారు.

"గిది ఎందుకు?"

"సర్వే సార్."

"ఎవ్వలి సర్వే? కింద నీ పేరు రాసి సంతకం వెట్టు. మావోడు కాపీలిస్తడు."

అతను ఫోన్ వచ్చినట్టు బయటికి వెళ్లి, ఇక రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. సార్ నా వైపు తిరిగారు.

"నిన్నటిది వోయింది గదా. టైపు జేసింది నువ్వేనాయె. నువ్వు వెడ్తవా సంతకం?"

"నాది టైపు పని సార్, నాకేం ఎరుక?"

"రైలోడు గూడ గదే అన్నడు బిడ్డా."

కోపమొచ్చి మిషన్ వైపు తిరిగిపోయాను. తర్వాత ఆ గల్లీలో రెండిళ్లకు తాళాలు పడ్డాయని విన్నాను. కిరాయి ఎక్కువై వెళ్లిపోయారట. ఎవరన్నారని మాత్రం నేను అడగలేదు. సార్ అడుగుతారేమోనని భయపడ్డాను. ఆయనా అడగలేదు, రావడమూ మానలేదు. అందుకే ఆయనంటే నాకింత ప్రేమ. ఆ సంగతి ఆయనకెప్పుడూ చెప్పలేదు.

సార్ దశదినకర్మ కార్డు నేనే టైపు చేశాను. కంప్యూటర్లో ఆ జాబితా ఇంకా ఉంది. ప్రింటు తీసి, కింద "ఇది టైపు చేసింది నేను" అని రాసి సంతకం పెట్టాను. మడిచి జేబులో పెట్టుకుని ఆ గల్లీకి వెళ్లాను. తాళాలు అలాగే ఉన్నాయి. పక్కింటి తలుపు కొట్టాను.

తలుపు తెరవకుండానే లోపలి నుంచి ఒక ఆడమనిషి అడిగింది.

"ఎవ్వలు?"