వీపు మీది ట్యూబు కట్లు

నిన్న మా మనవడు ఫోనులో ఒక ఆట చూపించాడు. ఇనుప కవచాలు తొడుక్కున్న ఇద్దరు మొద్దు కత్తులతో నిజంగానే బాదుకుంటున్నారు, పడ్డవాడు ఓడినట్టట. ఛీ, ఇదీ ఒక ఆటేనా అన్నాను గానీ, నాకు ఒళ్లు మండింది ఆట మీద కాదు, మా బావ గుర్తొచ్చినందుకు.

తెలంగాణ కోసం ఆఫీసులన్నీ మూతపడ్డ ఆ సమ్మె రోజుల్లో మహబూబాబాద్ రోడ్ల మీదే వండుకు తిన్నాం, కబడ్డీ ఆడాం, మీకూ గుర్తుండే ఉంటుంది. కురవి దగ్గర మా పొలం గట్టును తన చెలకలో కలిపి దున్నుకున్న మా అక్క మొగుడితో నాకు అప్పటికి ఏళ్లుగా మాటల్లేవు. ఆయన పేరెత్తితే నాకు అన్నం సయించేది కాదు. మధ్యలో అక్క పండక్కి కూడా పుట్టింటికి రాలేక ఏడ్చేది.

ఇలాంటి ఆటే టీవీలో చూసిన వెల్డింగ్ షాపు పిల్లలు డ్రమ్ముల రేకులు వంచి రెండు కవచాలు చేశారు. కత్తులకు బదులు వెదురు కర్రలు, తలకు హెల్మెట్లు. ఎవరు దిగుతారంటే నేనూ బావా ఒక్కసారే లేచాం. వంట దగ్గర్నుంచి అక్క గరిటెతోనే వచ్చి అందరి ముందూ తేల్చేసింది.

"పడ్డోడు గెలిచినోని ఇంటికొచ్చి బువ్వ తినాలె. లేకుంటే ఇద్దరికీ నేను సచ్చినట్టే."

ఆ రేకులకు వీపు వెనక సైకిలు ట్యూబుల కట్లు, ఎవరివి వాళ్లు కట్టుకోలేరు, అందుకని ఆడేవాళ్లే ఒకరివి ఒకరు కట్టాలన్నారు పిల్లలు. బావ చేతులు వీపుకు తగలగానే నాకు కంపరమెత్తింది. ఆయన పళ్లు కొరుకుతూనే ఒక్కో ముడీ లాగి చూసి, వదులైనది విప్పి మళ్లీ కట్టాడు.

"రేకు జారితే పక్కబొక్క ఇరుగుతది. నిన్ను నేను కొట్టాలెగని, గీ రేకు కోసుడేంది?"

అబ్బ, ఆ తర్వాత కొట్టుకున్నాం చూడండి, గట్టు కసి అంతా కర్రల్లోకి దిగింది! చివరికి నేనే పడ్డాను, ఒంటి మీద ఒక్క గీత లేకుండా. ఆ సాయంత్రం కోపంతోనే అక్క ఇంట్లో కూర్చుని తిన్నాను, ఆయన మొహం చూడలేదు. చాలన్నా అక్క వినకుండా వడ్డిస్తూనే ఉంది. ఆ ఏడు పండక్కి పుట్టింటికి వచ్చింది.

రాష్ట్రం వచ్చింది, బావ పోయాడు, గట్టు ఇంకా వాళ్ల వైపే ఉంది, నాకింకా మంటే. ఈ కవచాలకు వెనక కట్లు ఎవరు కడతారని మనవణ్ణి అడిగాను. క్లిప్పులుంటాయి తాతా, ఎవరిది వాళ్లే పెట్టుకుంటారన్నాడు. కొట్టబోయే మనిషే మన ముడి లాగి చూసే రోజులు ఇక రావనిపించి, ఫోను వాడికిచ్చేశాను.