కిరీటం పక్కన అక్షరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కత్తికి పెద్దమనిషికి జరిగినంత మర్యాద జరిగేది. బొమిక పిడి ఉన్న మడత కత్తి అది. మా తాత దాన్ని గుడ్డలో చుట్టి భోషాణంలో పెట్టేవాడు. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపించి దాని కథ చెప్పేవాడు. విక్టోరియా రాణి కాలంలో, విడవలూరు అవతల బకింగ్‌హాం కాలువలో ఒక దొర పడవ బోల్తా పడిందట. మా తాత వాళ్ల నాయన నీళ్లలోకి దూకి, దొరను జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగాడట. దొర తన జేబులోని కత్తి తీసి ఆయన చేతిలో పెట్టి వెళ్లాడట. ఆ మరుసటి ఏడే ఆయన పోయాడు. అప్పటికి మా తాతకు ఐదేళ్లు. తండ్రి ముఖం కూడా సరిగా గుర్తులేని మనిషికి తండ్రి తాలూకు మిగిలింది ఆ కత్తి ఒక్కటే.

అవి నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. నేను ఆరో తరగతిలో చేరి ఇంగ్లీషు అక్షరాలు అప్పుడే నేర్చుకుంటున్నాను. ఎక్కడ ఏ అక్షరం కనబడినా పైకి చదివే పిచ్చి నాది. మా బడిలో పాత వస్తువుల ప్రదర్శన పెడుతూ, కత్తి తెచ్చి పిల్లలకు దాని కథ చెప్పమని హెడ్మాస్టరు గారు మా తాతను అడిగారు. తాత సంబరం ఇంతా అంతా కాదు. తుప్పు తీయించాలని, కోతల ముందు కొడవళ్లకు సానబట్టడానికి నెల్లూరు నుంచి మా ఊరొచ్చే సాయిబును ఇంటికి పిలిపించాడు.

ఆ సాయిబుకు పాత కత్తులంటే ప్రాణం. దొరలు వెళ్లిపోతూ వదిలేసినవి ఏరి తెచ్చి ఒక రేకుపెట్టెలో దాచుకున్నాడు. ఎవరడిగినా అమ్మేవాడు కాదు. ఇంగ్లీషు రాదు గానీ, కత్తి మొదట్లో పిడి దగ్గర కొట్టిన అచ్చు చూసి అది ఏ కాలం నాటిదో చెప్పేవాడు.

ఆ ఉదయం తాత పొలానికి వెళ్లాడు. సాయిబు మా అరుగు మీద కూర్చుని, కత్తిని నూనెగుడ్డతో రుద్దుతూ నాకు ఆ విద్య నేర్పాడు. ఆ రకం కత్తుల మీద చిన్న కిరీటం, దానికి రెండు పక్కలా రెండు అక్షరాలు ఉంటాయట.

"ఎడమపక్కది చూడు బిడ్డా. రెండు కర్రలు కింద కలిసినట్టుంటే రాణి. దువ్వెన మాదిరుంటే ఆమె కొడుకు. కొడవలి మాదిరుంటే మనవడు. రాజు మారితే అచ్చు మారుస్తారు. ఎప్పుడూ అచ్చుకు సానరాయి తగలనీబాక. అది పోతే కత్తికి పేరు పోయినట్టే."

తుప్పు వదిలింది. నేను వంగి చూశాను. "జి! సాయిబు తాతా, కొడవలి!" అని అరిచాను.

సాయిబు చెయ్యి ఆగిపోయింది. "మనవడు గద్దెనెక్కేతలికి మీ తాతకు మీసాలొచ్చుంటాయే" అని తనలో తాను గొణుక్కున్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. రాణి కాలంలో ఇచ్చిన కత్తి మీద మనవడి అక్షరం ఎట్లా వస్తుంది? తాత చెప్పింది అబద్ధమా, సాయిబు నేర్పింది తప్పా? అదే అడిగాను. ఆయన నా వెనక్కి చూశాడు. తలుపు దగ్గర మా అవ్వ నిలబడి ఉంది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లింది. "కాపురానికొచ్చిన ఏడు, మీ తాత ఊళ్లో లేనప్పుడు, అంత విలువైందని తెలీక దాన్ని తీసుకోని కాలవ గట్టుకు పొన్నగంటికూర కోసేదానికి పోయినా. చెయ్యి జారి నీళ్లలో పడింది. మూడు దినాలు మునిగి వెతికినా. దొరకలా. మా అన్న మదరాసులో అచ్చం అట్టాంటిదే వెతికి తెచ్చిచ్చినాడు. ఆనాటి నుంచి చెప్పేదానికి నోరు రాలా. నువ్వు చెప్పబాకమ్మా."

అబద్ధం పాపమని బడిలో చెప్పేవారు. అవ్వ కళ్లలో నీళ్లు చూస్తే ఆమె పాపం చేసినదానిలా లేదు. పైగా ఇంకో రెండు రోజుల్లో తాత ఆ కత్తిని హెడ్మాస్టరు గారి ముందు పెడతాడు. ఆయనకు నాకంటే బాగా ఇంగ్లీషు వచ్చు. నూరు మంది పిల్లల ముందు తాత పరువు ఏమవుతుంది? నేను నోరు మూసుకుంటే మాత్రం ఆ అక్షరం ఆగుతుందా?

మేము వాకిట్లోకి వచ్చేసరికి సాన చక్రం గిరగిరా తిరుగుతోంది. సాయిబు కత్తిని దానికి ఆనించి పట్టుకున్నాడు. నిప్పురవ్వలు లేస్తున్నాయి. సరిగ్గా అచ్చు ఉన్న చోటే! ఆయన కత్తి తీసి తుడిచేసరికి అక్కడ నున్నగా మెరుస్తోంది. కిరీటం లేదు, అక్షరమూ లేదు. అవ్వ ఆయన్ని ఏమీ కోరలేదు. ఆయన అవ్వను ఏమీ అడగలేదు. అచ్చుకు రాయి తగలనీయొద్దన్న నోటి తడి ఇంకా ఆరనే లేదు, ఆ మనిషే ఇంత పని చేశాడు.

తాత పొలం నుంచి వచ్చాడు. సాయిబు లేచి నిలబడి, "గుర్తు నిలవలా పెద్దాయనా, అరిగిపోయింది. తప్పు నాదే" అన్నాడు.

తాత మండిపడతాడనుకున్నాను. ఆయన కత్తిని వెలుగులో అటూ ఇటూ తిప్పి, నున్నటి చోటును బొటనవేలితో నెమ్మదిగా తడిమాడు. ఒక్కసారి అవ్వ వైపు చూశాడు.

"పోనీలే సాయిబూ. ఎప్పుడో పోవాల్సింది" అన్నాడు.

బడిలో ఆయన ఎప్పటి కథే చెప్పాడు. కానీ చివర్లో మునుపెన్నడూ అనని మాట ఒకటి అన్నాడు. "దీన్ని సంపాదించింది మా నాయన. ఇంట్లో నిలబెట్టింది మాత్రం మా ఇంటామె." అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ల మధ్య కూర్చున్న అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు కనబడలేదు.

తాతకు మొదటి నుంచీ తెలుసా, ఆ రోజే తెలిసిందా, అసలు తెలియనే లేదా అన్నది ఆయనను అడిగే ధైర్యం నాకు రాలేదు. ఇప్పుడు ముగ్గురిలో ఎవరూ లేరు. నోటి చివరికొచ్చిన నిజాన్ని ఒక్క క్షణం ఆపి, ఎదుటివాళ్ల ముఖం చూసే అలవాటు నాకు ఆ రోజు అంటుకుంది. దానివల్ల కొన్ని ఇళ్లలో పొయ్యి ఆరకుండా ఉంది. చెప్పవలసింది చెప్పక ఒకటి రెండు చోట్ల నష్టమూ జరిగింది. ఏది చెప్పాలో ఏది మింగాలో ఆ పదకొండేళ్ల పిల్లకు ఎంత తెలుసో, డెబ్భై దాటిన నాకూ అంతే తెలుసు. ముఖం చూడటం మాత్రం మానలేదు.