తవుడిచ్చి కొన్న బిడ్డ

గున్నమ్మ ఇంట్లో తవుడు నిండుకోకూడదు. గేదెకు తక్కువైనా సరే, అటక మీది కుండలో దోసెడు తవుడు ఎప్పుడూ ఉండాలి. ఏ పొద్దున ఎవరు పసిబిడ్డను తెచ్చి ఆమె గడపలో పెడతారో చెప్పలేం మరి.

నెల్లిమర్ల మిల్లు కూత వినపడేంత దూరంలో ఉంది ఆ ఊరు. పుట్టిన పిల్లలు దక్కని వాళ్లందరికీ అక్కడ గున్నమ్మే దిక్కు. కడుపున పుట్టిన ఆరుగురూ నిక్షేపంలా తిరుగుతున్న మనిషి. అలాంటి తల్లికి బిడ్డను అమ్మేస్తే, వీడు ఫలానా వాళ్ల కొడుకు కాడని చావు దారి తప్పి పోతుందని అక్కడి వాళ్ల నమ్మకం. ఆ అమ్మకానికి ఒక పద్ధతి ఉంది. బిడ్డను చేటలో పడుకోబెట్టి తేవాలి. గున్నమ్మ దోసెడు తవుడు తీసి కన్నతల్లి కొంగులో పోయాలి. తల్లి కొంగు ముడేసుకుని, వెనక్కి చూడకుండా గడప దాకా వెళ్లి నిలబడాలి. అప్పుడు కొన్నావిడ బిడ్డకు పేరు పెట్టాలి. పేరు ఎంత చవకదైతే బిడ్డకు అంత మంచిది. ఆ పేరు చెవిన పడ్డాక, "నా కొడుకుని పెంచి పెడతావేటే?" అని గున్నమ్మ అడగాలి. "పెంచుతాను" అని కన్నతల్లి అనాలి. దాంతో బేరం పూర్తి. ఇక ఆ తల్లి తన బిడ్డకు తనే దాదిలా ఇల్లు చేరుతుంది.

అలా గున్నమ్మ ఐదుగురిని కొంది. తవిటయ్య, పెంటయ్య, పుల్లయ్య, తర్వాత తవిటమ్మ, పెంటమ్మ. పేర్ల కోసం ఆమె ఎన్నడూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ఐదుగురూ బతికారు. బతకడమే కాదు, ఊళ్లో ఎవరి దొడ్లో జామచెట్టు కాసినా ముందు వాళ్లే ఎక్కుతారు. దాంతో ఊరు గున్నమ్మను అమ్మవారి పక్కన కూర్చోబెట్టేసింది. మనిషిని మోయలేనంత ఎత్తుకు ఎత్తేయడంలో ఊళ్లకు ఉన్న తొందర మరెందులోనూ ఉండదు.

ఆ ఎత్తున కూర్చున్న మనిషికి రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని మాత్రం ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే పట్టేది కాదు. బిడ్డను కొన్న రోజు నుంచి, వాడు ఏడాది దాటి అడుగులు వేసేదాకా, ఆమె గుండె గుప్పిట్లోనే ఉండేది. నీళ్లలో కుళ్లబెట్టిన గోగునార తీసి వస్తూ, చేతుల కంపు కూడా కడుక్కోకుండా ఆ వీధి చుట్టూ తిరిగేది. నిప్పు కావాలనో, చల్ల కావాలనో వంక పెట్టి గుమ్మంలోంచి తొంగిచూసేది. లోపల బిడ్డ ఏడిస్తే భయం, ఏడవకపోతే అంతకన్నా భయం.

ఎందుకంటే గున్నమ్మకు పుట్టింది ఆరుగురు కాదు, ఏడుగురు.

మొగుడు సూరయ్యతో ఆమెది మారుమనువు. అది ఊరంతటికీ తెలుసు. మొదటి మనువు నౌపడ దగ్గర ఉప్పుమళ్ల పక్క ఊళ్లో. అక్కడ పదహారో ఏట ఒక కొడుకు పుట్టాడు. ఆ సంగతి ఒక్క సూరయ్యకే తెలుసు. ఆ బిడ్డకు తాత పేరు పెట్టాలని అత్త, దేవుడి పేరు పెట్టాలని మామ పంతం పట్టారు. మేనమామ వచ్చాక చూద్దామన్నారు. మేనమామ రాలేదు. పక్కలో పడుకున్న బాలింతరాలిని మాత్రం ఎవరూ అడగలేదు. చిన్నప్పుడు తండ్రి భుజం మీద కూర్చుని శ్రీకూర్మం వెళ్లింది గున్నమ్మ. కొడుకు పుడితే కూర్మయ్య అని పిలుచుకోవాలని ఆనాడే అనుకుంది. కోడలి నోట ఆ మాట రాలేదు. పెద్దల తగువు తెగకముందే బిడ్డకు జ్వరం వచ్చి పోయాడు. ఏమని పిలిచి ఏడవాలో కూడా తెలియకుండా పోయాడు. తర్వాత సూరయ్య ఇంట మగపిల్లలు పుట్టినప్పుడు ఆ పేరు ఎవరికీ పెట్టనివ్వలేదు. "అది ఒకుడిది" అనేది. సూరయ్య మరి అడిగేవాడు కాదు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, కార్తీకం చివర ఒక పొద్దున లక్ష్మణమ్మ చేట పట్టుకుని వచ్చింది. వెనకే కోడలు నీలవేణి. లక్ష్మణమ్మ కొడుకు జోగయ్య మిల్లులో పని చేస్తాడు. నీలవేణికి ఇంతకు ముందు ఇద్దరు పుట్టి, ఇద్దరూ నెల తిరక్కుండా పోయారు. వీడు మూడోవాడు. పుట్టి ఇరవై రోజులైనా ఇంట్లో వాడిని ఎవరూ ఏ పేరుతోనూ పిలవడం లేదు. ముద్దు చేయడానికి కూడా భయమే. 'అది లేచిందా, అది తాగిందా' అని గొడ్డుపిల్లను అన్నట్టు అంటున్నారు.

"వదినా, నీ ఒడిలో ఏస్తన్నాను. మరి నీదే భారం" అంది లక్ష్మణమ్మ.

గున్నమ్మ కుండ దించి తవుడు తీసింది. నీలవేణి కొంగు పట్టింది. తవుడు కాస్త నేల మీద ఒలికింది. నీలవేణి ముడేసుకుని, చేట వైపు చూడకుండా వెళ్లి గడప దగ్గర వీధి వైపు తిరిగి నిలబడింది.

గున్నమ్మ చేటలోంచి బిడ్డను ఎత్తుకుంది. బరువే లేడు. తలగుడ్డ జారితే వాడి ఎడమ చెవి బయటపడింది. చెవి కొస లోపలికి మడత పడి ఉంది. నౌపడ దగ్గరి బిడ్డకూ అదే చెవి, అదే మడత. పాలిస్తూ దాన్ని వేలితో సాపు చేస్తూ ఉండేది.

తవిటయ్య అనాలి. ఆ పేరు రాలేదు. పెంటయ్య అందామనుకుంది. అదీ రాలేదు. నాలుక మీద ఉన్నది ఒక్కటే పేరు. గడప దగ్గర నీలవేణి వీపు బిగుసుకుపోయి ఉంది. మిల్లు కూత మోగి ఆగిపోయింది. ఇంకా పేరు రాలేదు.

"ఏటి వదినా? బిడ్డకేటైనా అయినాదా?" అంది లక్ష్మణమ్మ.

ఆ మాటకు నీలవేణి మెడ కొంచెం తిరిగింది. చూడకూడదని గుర్తొచ్చి మళ్లీ వీధి వైపు పెట్టుకుంది. ఆ మెడ చూసేసరికి గున్నమ్మకు ఇక ఓర్పు నిలవలేదు. ఈ పిల్లను మోసం చేస్తున్నాను అనిపించింది. ఇన్నాళ్లూ అందరినీ చేశాననిపించింది.

"నా ఒడి మంచిది కాదు, లక్ష్మణమ్మా" అంది. "నాను ఏడుగురిని కన్నాను. మొదటోడు పోనాడు. నౌపడ కాడ. పేరైనా ఎట్టకముందే పోనాడు. ఎవులికీ సెప్పనేదు. ఈ ఐదుగురినీ కొన్నాను గానీ, ఒక్కొక్కడూ ఏడాది దాటేదాకా ఒక్క రేతిరీ కన్ను మూయనేదు. ఈడిని ఇంకెవులికైనా అమ్ముకోండి."

లక్ష్మణమ్మ ముఖం నల్లబడింది. "బిడ్డని తినీసిన ఒడా?" అంది. "ఇన్నేళ్లూ ఊరందరి కళ్లలో దుమ్ము కొట్టినావా? ఇలా తే. ఇంకా నయం, పేరెట్టనేదు." అంటూ బిడ్డ కోసం చేతులు చాపింది.

గున్నమ్మ బిడ్డను ఇవ్వబోయింది. ఇవ్వబోతుంటే చేతులు మాత్రం వదల్లేదు, అది ఆమె తప్పు కాదు.

"అత్తా, ఆగు" అంది నీలవేణి. మనిషి ఇటు తిరగలేదు. "బేరం అయిపోనాది. తవుడు నా కొంగులో ఉన్నాది."

"ఏటే ఆ మాట? ఇన్నావా, ఆవిడ సెప్పింది?"

"ఇన్నాను. బిడ్డ పోని మనిసైతే, ఈడికి ఒళ్లు కాలితే పొద్దున సూద్దుము అని పడుకుంతాది. పెద్దమ్మ పడుకోదు. నాకు పడుకోని మనిసే కావాల."

గత రెండు కాన్పుల తర్వాతా 'పొద్దున చూద్దాం' అని పడుకున్న ఆ రాత్రుళ్లు లక్ష్మణమ్మ కూడా చూసింది. నేల మీద చతికిలబడి ఖాళీ చేటను ఒళ్లోకి లాక్కుంది.

"పెద్దమ్మా" అంది నీలవేణి, గడపతో మాట్లాడుతున్నట్టు. "ఆ బాబుకి ఏటి పేరెడదామనుకున్నావు?"

ఇన్నేళ్లలో ఆ మాట అడిగింది ఎవరూ లేరు. గున్నమ్మ బిడ్డ చెవి మడతను వేలితో సాపు చేసింది.

"కూర్మయ్య" అంది చివరకు.

"ఈడికి అదెట్టు."

"వద్దే తల్లీ. పోనోడి కోసం దాసిన పేరు. మంచిది కాదు. ఈడికి తవుడనో పెంటనో..."

"ఆడు ఆ పేరు ఎట్టుకోనేదు కదా పెద్దమ్మా. ఎవులూ ఎట్టుకోనేదు. దాన్నంటుకుని చెడ్డేటి ఉంతాది?" అంది నీలవేణి. "నా ఇద్దరికీ పేర్లు నేవు. ఈడికైనా ఎవులో ఇష్టపడి దాసుకున్న పేరు ఉండనీ."

గున్నమ్మకు భయం పోలేదు. పోదు కూడా. అయినా వంగి, ఆ మడత చెవిలో ముమ్మారు పిలిచింది. కూర్మయ్య, కూర్మయ్య, కూర్మయ్య. బిడ్డ ముఖం చిట్లించి తుమ్మాడు.

ఇక అడగవలసిన మాట ఒకటి మిగిలింది. ఐదుసార్లు అడిగిన మాటే. సంతలో ధర చెప్పినంత తేలిగ్గా అనేసేది ఎప్పుడూ.

"నా కొడుకుని..." అంది గున్నమ్మ. మాట అక్కడే ఆగింది. మళ్లీ ప్రయత్నించింది. "నా కొడుకుని..." అంది. ముప్పై ఏళ్ల కిందట ఏమని పిలిచి ఏడవాలో తెలియక ఆగిపోయిన ఏడుపు ఇప్పుడు వచ్చింది. కూర్మయ్యను గుండెకు అదుముకుని అలాగే నిలబడి ఏడ్చింది.

నీలవేణి తిరగకుండానే విన్నది. అడగవలసిన మాట పూర్తిగా అడగనే లేదు. అయినా కొంగు ముడి బిగించి పట్టుకుని జవాబు చెప్పింది.

"పెంచుతానమ్మా. నీ కొడుకుని నాను పెంచుతాను."