ఇంటికి వీపు చూపిన ముత్తి

ఒట్టు. శబరి ఏటి వైపు చెయ్యి చాపి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా ఒట్టంటే మా కుంట ఊరి బజారులో నవ్వుతారని తెలుసు. మొసలి వీపు మీద కూర్చుని ఏరు దాటానని చెప్పినవాణ్ణి నేనే. అయినా ఇన్నేళ్లుగా ఛాతీ మీద దుంగలా మోస్తున్నది ఒకటుంది. మీకు మాత్రమే చెబుతున్నాను.

ముత్తీ ఎలుగుబంటీ బొమ్మల కథ మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. ఆ బొమ్మలు చెక్కింది ఎర్రబోరు లచ్చయ్య. దోర్ల తెగ రైతు, ఊళ్లో దర్వాజాలకు బొమ్మలు చెక్కేవాడు. ఆయన కూతురు ముత్తి ఓ వేకువన ఇప్పపువ్వు ఏరడానికి అడవికి పోయి తిరిగి రాలేదు. వెతకని డొంక లేదు. ఆ తర్వాత ఆయన టేకు పలకల మీద కథ చెక్కాడు. ఇప్పపువ్వు తిని తూలుతున్న ఎలుగును చెవి పట్టుకుని నడిపించుకుంటూ ముత్తి ఇంటికొచ్చేస్తుంది.

"పుస్తకం చెయ్యి బావా. ఊరూరా నా బిడ్డ ఇల్లు జేరాలె" అన్నాడు నాతో.

అబ్బ, ఆ ప్రయాణం! పలకలు గోనెలో చుట్టి పడవెక్కాను. శబరి దాటి గోదావరి, గోదావరి మీద రాజమహేంద్రవరం. అచ్చాఫీసులో పలకకు సిరా పూసి, కాగితం నొక్కి లేపగానే కేక పెట్టాను! ఎలుగు బొచ్చు వెంట్రుక వెంట్రుకా లేచి నిలబడింది.

చిక్కు చివరి బొమ్మ దగ్గర. అది రెండు పలకల బొమ్మ. ఎడమ పుటలో గుడిసె, కుడి పుటలో గుడిసె వైపు నడిచే ముత్తి, ఎలుగు. అచ్చులో బొమ్మ అద్దంలోలా తిరగబడుతుందని లచ్చయ్యకు తెలియదు. ఆయన చెక్కిన దర్వాజాలు ఏనాడూ తిరగబడలేదు మరి. ఏ పలకకు ఆ పలక తిరిగింది. ముత్తి గుడిసెకు వీపు చూపించి పోతోంది.

"ఏవండీ, పిల్ల ఇంటికొస్తోందా, ఇంట్లోంచి పోతోందా?" అన్నాడు అచ్చేసే పెద్దాయన. "పలకలు అటూ ఇటూ మార్చేస్తే సరి. క్షణం పని."

నేనేమన్నానో తెలుసా?

"ఉండనీయండి! పోతోంది. ఎలుగుతో అడవికే పోతోంది!"

ఎందుకన్నాను? కొత్త ముగింపు దొరికిందని ఒళ్లు పులకరించింది. అంతే. కథ దొరికితే నాకు మనిషి గుర్తుండడు. అక్కడే కూర్చుని చివరి మాటలు మార్చి రాశాను.

పిల్లలు ఎగబడ్డారు! మళ్లీ అచ్చు, మళ్లీ అచ్చు. ఎలుగు ముక్కు అరిగి నున్నగా అయింది. గుడిసె పలకకు పగులొచ్చి అచ్చులో తెల్లగీత పడితే, పిడుగు పడ్డదనీ అందుకే ముత్తి పోయిందనీ పిల్లలే కథ కట్టుకున్నారు. ఎంత మురిశానో! ప్రతి అచ్చుకూ ఆ క్షణం పని నా చేతిలోనే ఉంది. ఒక్కసారైనా చేశానా? ఊరూరా ఆ బిడ్డను మళ్లీ మళ్లీ అడవికి తోలింది నేను కాదూ?

లచ్చయ్యకు చదువు రాదు. మొదటి పుస్తకం తెచ్చి, ఆయన ముగింపే చదివినట్టు నటించాను. బిడ్డ ఇల్లు చేరిందని ఆయన నవ్వి, పుస్తకం గుండెకు హత్తుకున్నాడు.

ఇదిగో, ఇది కల్పన. ఒట్టు వేశాక కూడా కలిపేశాను. ఆయన నవ్వలేదు. బొమ్మ మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏంది బావా, ఇల్లు ఎనక పడ్డది?"

"అచ్చులో అట్లనే కనబడతది లచ్చయ్యా. వచ్చేసింది బిడ్డ."

"అట్లనా. మరి నాకేం ఎరుక" అని పుస్తకం మూసి, దూలం మీద భద్రంగా పెట్టుకున్నాడు.

నా మాటను మారు అడగకుండా నమ్మిన మనిషి, నా ఎరుకలో, ఆయనొక్కడే.