అల్లుడుగారి గాలం

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, ఫోన్లో డేటా చవకై ప్రతివాడూ ప్రతి విద్యనీ మంచం మీద పడుకునే నేర్చేసుకుంటున్న కొత్తలో, నాకు రాని పనంటూ ఏదీ ఉండేది కాదు. గిటారు వాయించడం, పుట్టగొడుగులు పెంచడం, కుక్కర్లో కేకు చేయడం అన్నీ చూశాను, కాబట్టి అన్నీ వచ్చినట్టే. (కేకు సంగతి మాత్రం మా ఆవిడ దగ్గర ఎత్తకండి.) అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. తెనాలిలో పంపుసెట్లు అమ్మే షాపులో సేల్స్‌మన్‌ని. పెళ్ళయి నాలుగు నెలలు. కొత్త అల్లుడి హోదా, చేతిలో ఫోను, వారానికో రోజు సెలవు. ఈ మూడూ ఒకడికే దొరికితే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా.

ఒక రాత్రి భోజనం చేస్తూ చేపలు పట్టే వీడియో చూశాను. టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి సముద్రపు ఒడ్డున నిలబడి, ఆకాశాన్నంటే కర్రతో గాలం విసిరి, రీలు తిప్పి, తన తొడంత చేపని లాగి, కెమెరాకి చూపించి నవ్వాడు. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టింది. ఇంత తేలికైన పనికి జనం మార్కెట్లో బురద తొక్కుతూ ఎందుకు నిలబడతారో నాకు అర్థం కాలేదు. అదే ఊపులో మా ఆవిడతో, "పై ఆదివారం మీ ఊరు వెళ్తాంగా, పులుసుకి చేపలు నేనే పట్టి తెస్తాను" అనేశాను. ఆవిడ నా వంక ఓసారి చూసి, ఫోను తీసి, పక్క గదిలోకి వెళ్ళింది. పది నిమిషాల్లో తిరిగొచ్చి, "అమ్మకి చెప్పాను. చేపలమ్మే ఆవిణ్ణి ఆ ఆదివారం రావద్దంటుందట. పెద్దమ్మని కూడా భోజనానికి పిలుస్తోంది" అంది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

అత్తగారి ఊరు రేపల్లెకి దగ్గరే. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. చేప ఎవరు పట్టి తెస్తే తలకాయ వాళ్ళకే. మావయ్యగారు కాలువల్లో పట్టే మనిషి కాబట్టి ఆ తలకాయ ఏళ్ళ తరబడి ఆయన కంచంలోనే పడుతోంది. కొత్త అల్లుణ్ణని నడుం ముక్కలు నాకే వేసేవారు, గారెలు నాకే ఎక్కువ పెట్టేవారు, ఫ్యాను నా వైపే తిప్పేవారు. తలకాయ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అత్తయ్యగారి గరిటె నన్ను దాటుకుని వెళ్ళిపోయేది. నిజం చెప్పాలంటే నాకు చేప మీదకన్నా ఆ తలకాయ మీదే మనసు. అది నా కంచంలో పడితే ఆ ఇంట్లో నేను చుట్టాన్ని కాకుండా పోతానని ఎందుకో గట్టిగా అనిపించేది.

షాపుకి సెలవు రోజున రైలెక్కి బాపట్ల వెళ్ళాను. సముద్రం పక్కనే ఉంది కదా, సరైన సరుకు అక్కడే దొరుకుతుందని నా లెక్క. బజార్లో వలలూ తాళ్ళూ గాలాలూ అమ్మే కొట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల గడ్డం, తెల్ల టోపీ, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. వచ్చినవాళ్ళంతా ఆయన్ని భాయ్ అని పిలుస్తున్నారు. నేను ఫోను తీసి వీడియోలో కర్ర చూపించాను.

"ఏ నీళ్ళలో వేస్తారు సార్?" అన్నాడు భాయ్.

"ఏ నీళ్ళయినా వేస్తామండి."

"అట్టా కుదరదు సార్. ముందు నీళ్ళు చెప్పాలి, తర్వాత చేప చెప్పాలి, ఆ తర్వాతే కర్ర. సముద్రమా, కాలువా?"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నన్ను నేను తిట్టుకోవాలి. మా షాపుకి అమృతలూరు నుంచో మరో ఊరి నుంచో రైతు వచ్చి పెద్ద మోటారు కావాలంటే, "నీళ్ళెంత లోతున ఉన్నాయండీ? పొలం ఎంతండీ?" అని రోజుకి ఇరవైసార్లు అడిగేది నేనే. అడక్కుండా అమ్మడం పాపమని కొత్త కుర్రాళ్ళకి పాఠం చెప్పేదీ నేనే. అలాంటివాణ్ణి కాలువ అన్న మాట చెప్పడానికి చిన్నతనం అనిపించి, "రెండూ ఉంటాయండి" అన్నాను. భాయ్ మూలనున్న సన్నటి వెదురు కర్ర తీసి, "కాలువకైతే ఇది చాలు సార్, దీనికో చిన్న గాలం, నీళ్ళ మీద తేలడానికో బెండు ముక్క, అంతే" అన్నాడు. అది పందిట్లో బీర తీగకి ఊతం పెట్టే కర్రలా ఉంది. టోపీ పెద్దమనిషి చేతిలో అలాంటిది నేనెక్కడా చూడలేదు. చివరికి పద్నాలుగు అడుగుల కర్ర, దానికి మా షాపులో హాఫ్ హెచ్‌పీ మోటారంత బరువైన రీలు, నిమ్మకాయంత సీసపు గుండ్లు, గేదెని కట్టేయగల గాలాలు తీసుకున్నాను. భాయ్ నిట్టూర్చి, ఒక చిన్న కాగితం పొట్లం నా సంచిలో వేశాడు. "చిన్న గాలాలు. ఊరికే ఉంచండి సార్, ఎవరికైనా పనికొస్తాయి" అన్నాడు. ఆ 'ఎవరికైనా' అన్న మాట మీద అప్పుడు నాకు దృష్టి పోలేదు.

మర్నాడు సాయంత్రం మా డాబా మీద సాధన మొదలుపెట్టాను. వీడియోలో చెప్పినట్టే కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము తిప్పి, ఒక్క విసురు విసిరాను. సీసపు గుండు వీధి దాటి, కరెంటు తీగలు దాటి, ఎదురింటి డాబా మీద ఎక్కడో పడింది. రీలు తిప్పితే బరువుగా ఏదో వస్తోంది. కర్ర వంగింది. తీరా చూస్తే నా జీవితంలో మొట్టమొదటి వేట గులాబీ పూల దుప్పటి. అది గాల్లో నెమ్మదిగా వీధి దాటుకుంటూ వస్తుంటే ఎదురింటి పిన్నిగారు మెట్ల మీద నిలబడి, "అడిగితే ఇచ్చేదాన్ని కదయ్యా" అంది. నాకు సిగ్గేయలేదు. విసురు అంత దూరం వెళ్ళినందుకు ఆ రాత్రి నిద్ర పట్టనంత సంబరపడ్డాను.

శనివారం రేపల్లె బస్సులో ఆ కర్రని ఎక్కించడం మరో కథ. మూడు ముక్కలుగా విడదీసినా ఒక్కొక్కటి నా భుజం దాకా ఉంది. కండక్టరు చూసి, "టెంటు వేసేవాళ్ళా సార్?" అన్నాడు. నేను గంభీరంగా, "కాదండి, ఫిషింగ్" అన్నాను. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. (దిగేదాకా తిరిగే ఉంది.)

ఆదివారం పొద్దున్నే అత్తయ్యగారు చింతపండు నానబెట్టి, ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టారు. మా ఆవిడ పెద్దమ్మ అప్పటికే వచ్చి అరుగు మీద కూర్చుని, "ఏం చేప తెస్తున్నావయ్యా?" అని అడిగింది. "ఏది పడితే అది, పెద్దమ్మా" అన్నాను ధీమాగా. మావయ్యగారు మాత్రం వాకిట్లో పరిచిన కర్రని ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూసి, "బాగుంది బాబూ" అని పొలం వెళ్ళిపోయారు. ఆయన రోజుకి పది మాటలకన్నా ఎక్కువ మాట్లాడగా నేను వినలేదు. అందులో రెండు నాకు దక్కాయని మురిసిపోయాను.

కాలువ గట్టుకి వెళ్ళాక తెలిసింది, కాలువకన్నా నా కర్రే పొడుగని. సార్వా నాట్లు అయిపోయి నీళ్ళు నిండుగా పారుతున్నాయి కానీ, వెడల్పు మాత్రం కర్ర అడ్డంగా వేస్తే మేక దాటిపోయేంత. అయినా తగ్గలేదు. మైదా పిండి ముద్ద గుచ్చి విసిరాను. గాలం కాలువ దాటి, అవతలి గట్టు మీది జమ్ముగడ్డి దాటి, కంటికి కనిపించకుండా పోయింది. సరే లాగుదామని రీలు మీద చేయి వేశానో లేదో, అది దానంతటదే కిర్రుకిర్రుమంటూ తిరగడం మొదలైంది. పడింది. కర్ర వంగిపోతోంది. నేను కాళ్ళు నిలదొక్కుకుని, టోపీ పెద్దమనిషిని తలుచుకుని, వదులుతూ లాగుతూ, లాగుతూ వదులుతూ రెండు నిమిషాలు పోరాడాను. చేప నీళ్ళలో కదా ఉండాలి, దారం జమ్ములోంచి గట్టు మీదికి ఎందుకు వెళ్తోందన్న ఆలోచన ఆ వీరావేశంలో రాలేదు. అప్పుడు జమ్ము వెనక నుంచి ఒక ముసలావిడ గొంతు వినిపించింది.

"ఎవడ్రా నా గడ్డిమోపు లాగేది?"

ఆవిడ మోపు నెత్తిన పెట్టుకుని తన దారిన తను పోతోంది. మోపుకి నా గాలం, నా గాలానికి నేను. జమ్ము పక్కకి తప్పించి నన్ను చూసి, "నువ్వా అల్లుడూ. కొత్తోడివని వదిలేస్తన్నా" అని, గాలం ఊడదీసి కాలువలో పడేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు గంటలు నేను చాలా బుద్ధిగా నీళ్ళలోనే విసిరాను. గుండు పడ్డ ప్రతిసారీ దభేల్‌మని చప్పుడు, ఆ చప్పుడుకి కాలువలో ఉన్న చేపలన్నీ బహుశా గుంటూరు వైపు పారిపోయి ఉంటాయి. ఎండ నెత్తికెక్కింది. ఇంట్లో పులుసు పిసికేసి ఉంటారు, పెద్దమ్మ అరుగు మీద నుంచి కదిలి ఉండదు. తలకాయ సంగతి దేవుడెరుగు, ఉత్త సంచితో ఆ వాకిలి ఎలా తొక్కాలా అని నిజంగా ఏడుపొచ్చింది.

పదకొండింటికి మావయ్యగారు తలపాగాతో గట్టు మీద ప్రత్యక్షమయ్యారు. నా సంచిలో చెయ్యి పెట్టి వెతికి, భాయ్ ఇచ్చిన పొట్లం తీసి, విప్పి, "ఇదెవరిచ్చారు?" అన్నారు.

"కొట్టాయన ఊరికే ఇచ్చాడండి."

"పని తెలిసినాయన" అన్నారు. కంచెలోంచి ఓ వెదురు కర్ర లాగి, నా రీలులోంచి రెండు బారల దారం తెంపి, దానికి పొట్లంలోని చిన్న గాలం తగిలించి, ఎండిన జొన్నదంటు ముక్క బెండుగా కట్టి, తడి మట్టిలో వేలు పెట్టి వానపాముని తీసి గుచ్చారు. గుర్రపుడెక్క అంచున, నీళ్ళకి కూడా తెలియనంత మెల్లగా దించారు. బెండు రెండుసార్లు తల ఊపి మునిగింది. గట్టు మీద కిలోకి పైగా ఉన్న కొర్రమీను ఎగిరెగిరి పడింది. బీర తీగ కర్రతో. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన తాటాకు చీల్చి, మొప్పలోంచి దూర్చి నోట్లోంచి తీసి, ముడి వేసి, చేపని నా చేతిలో పెట్టారు.

"మీరే పట్టారు బాబూ. నేను పొలంలోనే ఉన్నా."

కాదనాల్సింది. కాదనలేదు. పైగా ఇంటికెళ్ళాక పెద్దమ్మ అడగ్గానే ఆ పోరాటమంతా కళ్ళకి కట్టినట్టు చెప్పాను. (గడ్డిమోపుతో చేసిన పోరాటం అప్పటికి తాజాగా ఉంది, అదంతా కొర్రమీనుకి వాడేశాను.) అత్తయ్యగారు వింటూనే చేప అందుకుని, తాటాకు ముడి వంక కాసేపు చూసి, ఒక్క లాగుతో విప్పి లోపలికి వెళ్ళారు.

భోజనాల దగ్గర అందరి కళ్ళూ గరిటె మీదే. పెద్దమ్మ, "అల్లుడికి వెయ్యవే తలకాయ" అంది. నేను అన్నం మధ్యలో గుంట చేసి సిద్ధంగా ఉన్నాను. గరిటె నా దగ్గరికి వచ్చింది, ఒక్క క్షణం ఆగింది, ఎప్పట్లాగే నన్ను దాటి వెళ్ళి మావయ్యగారి కంచంలో తలకాయ దించింది.

"ముప్పై ఏళ్ళ నుంచి ఆ ముడి నేనే విప్పుతున్నా" అన్నారు అత్తయ్యగారు, నాకు నడుం ముక్క వేస్తూ. "తినండి బాబూ, చల్లారిపోతది."

మావయ్యగారు తల వంచుకుని, "గాలం మటుకు అల్లుడుగారిదే" అన్నారు. ముందు మా ఆవిడ నవ్వింది, తర్వాత పెద్దమ్మ పొలమారి దగ్గింది, చివరికి నేను కూడా ఆపుకోలేకపోయాను.

ఆ పద్నాలుగు అడుగుల కర్ర ఇప్పటికీ అక్కడే ఉంది. దాంతో మునక్కాయలు కోస్తున్నారు, ఆ పనికి దాన్ని మించింది లేదు. నేను మావయ్యగారి వెనకే గట్టు మీద కూర్చుని, వెదురు కర్రతో, వానపాములతో, నోరు మూసుకుని ఉండటం నేర్చుకున్నాను. ఈ చివరిది నేర్చుకోవడానికే నాలుగేళ్ళు పట్టింది. నిరుడు ఒక ఆదివారం ఆయన నిజంగానే పొలంలో ఉండగా నా బెండు మునిగింది. పడ్డ చేప ఆయన కొర్రమీనులో సగం కూడా ఉండదు. నానా తంటాలు పడి తాటాకు కట్టి తెచ్చాను. అత్తయ్యగారు ముడి విప్పబోతే రాలేదు, గోళ్ళతో పీకినా రాలేదు, చివరికి కత్తిపీట మీద కోశారు. "ఇది ఆయన ముడి కాదే" అన్నారు. ఆ మధ్యాహ్నం గరిటె నా దగ్గర ఆగింది, మరి కదల్లేదు. పూల దుప్పటి పట్టి రాత్రంతా నిద్రపోని ఆ కుర్రాడు పక్కన కూర్చుని ఉంటే వాడికే పెట్టేవాణ్ణి. చేప తలకాయలో తినడానికి పెద్దగా ఏమీ ఉండదని నాకు ఆ రోజే తెలిసింది. అయినా గంటసేపు తిన్నాను.