నిలువు నిచ్చెన బండి

రెబ్కాకు అక్షరమ్ముక్క రాదు. బస్సు బోర్డు చదవలేదు, బండి నంబరు చదవలేదు. కానీ సింగరాయకొండ దగ్గర హైవే పక్కన ఆరేళ్లుగా ముంజలూ సపోటాలూ అమ్ముతున్న మనిషి. కార్లకు ముందూ వెనకా బిగించే కంపెనీ గుర్తుల బొమ్మలన్నీ ఆమెకు కొట్టినపిండి. కోడిగుడ్లు ఒకదాన్నొకటి పెనవేసుకున్నట్టుండే బొమ్మ దూరాన కనపడితే చాలు, గంప మీద గుడ్డ తీసేది. అది క్వాలిసు, నిండా జనం ఉంటారు, ఆగితే డజన్లు కొంటారు. ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆమె కంటికి నిచ్చెన. ఆ నిచ్చెన బొమ్మలు రెండు రకాలు. పక్కకు వాలిన నిచ్చెన శాంట్రోది. నిటారుగా నిలబడ్డ నిచ్చెన హోండాది. అది వందలో ఒకటి వస్తే గొప్ప.

రెండువేల రెండు మే నెల. రోడ్డు వెడల్పు పనులు జరుగుతున్నాయి. ఆమె మొగుడు ఇమ్మానియేలు మిరపకాయల బస్తాల మీద కూర్చుని కోల్డ్ స్టోరేజీకి పోతుంటే, ట్రాక్టరు మట్టిగుంటలో దిగి తిరగబడింది. కేకలు విని రెబ్కా గంప వదిలేసి పరుగెత్తింది. ఆమె చేరేలోపే ఎవరో అతన్ని తెల్లకారు వెనకసీట్లో పడుకోబెట్టి తలుపేశారు.

“ఆగండయ్యా! నా మొగుడయ్యా!”

ఆ అరుపు ఎవరికీ వినపడలేదు. దుమ్ములో కలిసిపోతున్న కారు వెనక ఆమెకు కనపడింది ఒక్కటే, నిలువు నిచ్చెన.

“ఏ ఆసుపత్రికంట?” అని ట్రాక్టరు తోలే పేరయ్య చొక్కా పట్టుకుంది.

“ఒంగోలన్నారు వదినా. ఏదో చెప్పలా.”

“బతికే ఉన్నాడా?”

“కళ్లు తెరవలా,” అన్నాడు పేరయ్య తల దించుకుని.

అటుగా వచ్చిన సుభానీ ఆటో ఎక్కింది. సుభానీ రోజూ ఆమె దగ్గర ముంజలు తినేవాడే. దారంతా ఆమె సీటు మీద కూర్చోలేదు, కమ్మీ పట్టుకుని సగం లేచే ఉంది.

“కూర్చో అక్కా, పడతావు.”

“నువ్వు తోలు ముందు.”

ఒంగోలు పెద్దాసుపత్రిలో లేడు. మరో రెండు ఆసుపత్రుల్లో “ఇమ్మానియేలు అని వచ్చాడా?” అని అడిగితే లేడన్నారు. మూడోచోట మెట్లు దిగుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. తెలివి లేనోడు పేరెట్టా చెబుతాడు? ఇన్నిచోట్లా తాను అడిగింది ఎందుకూ పనికిరాని మాట.

“సుభానీ, మనిషిని కాదు, బండిని వెతకాలిరా. తెల్లది, నిలువు నిచ్చెన.”

సందుసందుకీ ఆటో తిరిగింది. “అదిగో అక్కా, నిచ్చెన!” అని సుభానీ బ్రేకేశాడు.

“అది వాలిందిరా, పోనీ.”

ఇంకోచోట సరిగ్గా అదే బొమ్మ, అదే తెలుపు. ఉరికి అద్దంలోంచి చూస్తే సీటు మీద పసిపిల్ల పాలసీసా. మడత నలగని తువ్వాలు. అది కాదు. ఒకవేళ నెల్లూరు వైపు మళ్లించారేమో. దారిలోనే ప్రాణం పోతే ఎక్కడన్నా దించేశారేమో. కొంగు నోట్లో కుక్కుకుని మళ్లీ ఆటో ఎక్కింది.

సంతపేటలో ఒక నర్సింగ్ హోం ముందు తెల్లకారు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. యాభై ఏళ్ల పెద్దమనిషి చెంబుతో నీళ్లు పోసి వెనకసీటు తుడుస్తున్నాడు. కింద పారే నీళ్లు ఎర్రగా ఉన్నాయి, వాటిలో మిరప గింజలు తేలుతున్నాయి. రెబ్కా కారు వెనక్కి వెళ్లి బొమ్మ మీద చెయ్యి వేసింది. అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

“నువ్వేనామ్మా ఆయన మనిషివి?” పెద్దమనిషి చెంబు కింద పెట్టాడు. ఆయన పేరు వీరాంజనేయులు, పర్చూరులో విత్తనాల కొట్టు. “పరుగున లోపలికెళ్లు తల్లీ. ఆపరేషన్ చెయ్యాలంట. సొంతమనిషి ఒప్పుకోవాలని డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు.”

ఏ కాగితమో ఆమె అడగలేదు. చూపించినచోట వేలిముద్ర వేసింది. రెండు గంటలు వరండా ఈ కొసనుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంది. సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, “బతికాడు. కుడికాలు కొంచెం పొట్టవుతుంది,” అన్నాడు.

“కాలుదేముందయ్యా,” అంది రెబ్కా, మొదటిసారి నేలమీద కూలబడుతూ.

క్రిస్మస్‌కు ఇమ్మానియేలు కర్ర పట్టుకుని చర్చి దాకా నడిచాడు. బరువులు మోసే పని మానేసి, ఆమె పక్కనే కూర్చుని కత్తితో ముంజలు తీసేవాడు. రెబ్కా మాత్రం కుదుటపడలేదు. పక్క ఊరికి వెళ్లినా సరే, అతని చొక్కా జేబులో పేరూ ఊరూ రాసిన కాగితం పెట్టందే గడప దాటనిచ్చేది కాదు. చెమటకు తడిసి చిరిగినప్పుడల్లా సుభానీ చేత కొత్తది రాయించేది.

“నేనేమన్నా ఉత్తరాన్నా?” అని విసుక్కునేవాడు ఇమ్మానియేలు.

“జేబులో ఉందా లేదా, అది చెప్పు,” అనేది రెబ్కా.