నాయన చూసిన పోలీసు సినిమా

హిందూపురంలో డాక్టరు దగ్గర పని మధ్యాహ్నానికే అయిపోయింది. నాయనకు మతి జారిపోతోందని, ఇక వెనక్కి రాదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట నాయన చెవిన పడకూడదన్నదే నా పట్టుదల. ధర్మవరంలో క్రైమ్ పోలీసుగా రిటైరైన మనిషి కదా, పోలీసు సినిమా అయితే సంతోషిస్తాడని మ్యాట్నీకి తీసుకుపోయాను. పోస్టరు మీద తుపాకీ చూశానే గానీ కథేమిటో కనుక్కోలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తెర మీద ఒక లంచగొండి డిటెక్టివ్. దొంగ దగ్గరా తింటాడు, సొత్తు పోగొట్టుకున్నవాడి దగ్గరా తింటాడు. పోనుపోను వాడికి మతి చెడుతుంది. ఒక మేకను కుర్చీలో కూర్చోబెట్టి విచారణ చేస్తాడు. తన చేతులకు తనే బేడీలు వేసుకుని తాళంచెవి మింగేస్తాడు. డాక్టరు "ఎలా ఉన్నారు?" అంటే "మామూలే" అంటాడు. హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వు, విజిళ్లు.

నాకు నవ్వు రాలేదు. మా నాయనా తిన్నాడు, దాచేదేముంది. ఇప్పటికీ మా పెనుకొండ బజారులో పండ్ల బండి కనిపిస్తే డ్యూటీలో ఉన్నట్టే నిలబడి, "ఏమబ్బా, మామూలు యాడ?" అని చెయ్యి చాపుతాడు. బండాయన ఒక అరటిపండు ఆ చేతిలో పెడతాడు. ఎందుకిస్తావని ఒకసారి కసురుకున్నాను.

"పోనీలేక్కా. ఉత్తచేతుల్తో పంపితే సారు మొగం సూడలేను" అన్నాడు. పెనుకొండ స్టేషన్లో ఉన్నప్పుడు ఆ సారు అతన్ని ఎన్నేళ్లు పిండాడో నాకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

సినిమా వదిలాక నాయన మెట్ల మీద ఆగిపోయాడు. జనం మేకలా అరుచుకుంటూ, నవ్వుకుంటూ మమ్మల్ని దాటి దిగిపోతున్నారు. ఆయనకేమీ అర్థమై ఉండదులే అని నాకు నేనే ధైర్యం చెప్పుకుని, "బాగుండాదా నాయనా?" అని అడిగాను.

"ఎందుకట్ల నగుతాండారు పాపా వీళ్లు?"

"సినిమానే కదా నాయనా."

"మతి పోతాండాదని వానికి తెల్లేదు. ఒక రకంగా అదృష్టమంతుడు." నా వైపు తిరిగి అన్నాడు: "నాకు తెలుస్తానే ఉండాది."

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయనే నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.